నాలుగు గంటల చాయ్

ప్రేమమణి టీచరు తనను ‘గారూ’ అన్న రోజున విమలమ్మ గుండె గతుక్కుమంది.

“థాంక్యూ విమలమ్మగారూ. అక్కడ పెట్టండి,” అంది టీచరు, కాగితాల మీంచి తల ఎత్తకుండానే.

విమలమ్మ ఒక గ్లాసు బల్ల మీద పెట్టింది. రెండో గ్లాసు, అంటే తన గ్లాసు, చేతిలోనే ఉండిపోయింది. రోజూ అయితే ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ స్టూలును కాలితో దగ్గరికి లాక్కుని కూలబడేది. ఇవాళ ఆ స్టూలు మీద ఫైళ్ళు పేర్చి ఉన్నాయి. నిలబడి తాగాలో, గ్లాసు పట్టుకుని బయటికి నడవాలో తోచలేదు. టీచరు ఒక గుక్క తాగి, “బాగుందండీ,” అంది.

బాగుందట! పదకొండేళ్ళలో ఆ మాట ఒక్కసారన్నా అన్న పాపాన పోలేదు ఆవిడ.

“ఏమే విమలా, అల్లం దంచావా, దాని మీద నీ కోడలి కోపం తీర్చుకున్నావా?” అనేది. “పాలు పోశావా, పాలగిన్నె కడిగిన నీళ్ళు పోశావా?” అనేది. విమలమ్మ తక్కువ తిన్నదేమీ కాదు. “తాగుతె తాగు టీచరమ్మా, లేకుంటె ఇటియ్యి. కింద దుకాణపోళ్ళు గీ చాయ్ కోసం లైను గడ్తున్నరు,” అనేది. అట్లా ఒకరినొకరు అనుకుంటూ పావుగంట సేపు తాగేవాళ్ళు. గడియారం నాలుగు కొట్టిందంటే రెజిమెంటల్ బజార్‌లోని ఆ రెండో అంతస్తు గదిలో ఇద్దరు ముసలివాళ్ళు పోట్లాడుకుంటున్నారని కింద సూట్‌కేసుల దుకాణం వాళ్ళకు తెలిసిపోయేది.

విచిత్రం ఏమిటంటే, ఆ గది మర్యాదలు నేర్పే గది. గుమ్మం మీద ‘ఫెయిత్ పర్సనాలిటీ క్లాసెస్’ అని బోర్డు ఉంటుంది. బడిలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన ప్రేమమణి, కూతురు ఫెయిత్‌తో కలిసి పెట్టింది. హోటళ్ళలో, బ్యాంకుల్లో, ఫోన్ల ఆఫీసుల్లో ఉద్యోగాలకు పోయే పిల్లలు వస్తారు. చెయ్యి ఎట్లా కలపాలి, కుర్చీలో ఎట్లా కూర్చోవాలి, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళు ఎక్కడ పెట్టాలి, అన్నీ నేర్పుతారు. నెలకోసారి చాయ్ తాగే పాఠం కూడా ఉంటుంది. ఆ రోజు విమలమ్మ నలభై కప్పులు కాచి ఇవ్వాలి. చప్పుడు రాకుండా తాగాలని ఫెయిత్ చెబుతుంటే, తలుపు దగ్గర నిలబడి విమలమ్మ, “చప్పుడు రాకుంటె తాగినట్టెట్ల తెలుస్తదమ్మా?” అని అడిగింది ఒకసారి. క్లాసంతా పగలబడి నవ్వింది. ప్రేమమణి అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఆ ప్రేమమణి ఇప్పుడు గారూ అంటోంది.

మనిషి దుఃఖంలో ఉందిలే అనుకుంది విమలమ్మ మొదట. నిజమే మరి. నాలుగు రోజుల కిందట, గురువారం తెల్లవారుజామున, టీచరు భర్త దేవసహాయం పోయాడు. రైల్వేలో గార్డుగా చేసిన మనిషి. మాట మెత్తన, నడక మెత్తన. చడీ చప్పుడూ లేకుండా నిద్రలోనే వెళ్ళిపోయాడు. శుక్రవారం సమాధి చేశారు. సోమవారానికల్లా టీచరు క్లాసులకు వచ్చేసింది. ఇంట్లో కూర్చుంటే గోడ గడియారం చప్పుడు భరించలేకపోతున్నానని కూతురితో అందట.

విమలమ్మ మాత్రం ఆ శుక్రవారం ఏ లోటూ చెయ్యలేదు. చావింటికి పోయే పద్ధతి ఆమెకు ఎవరూ క్లాసు పెట్టి నేర్పలేదు, అయినా పొల్లుపోకుండా తెలుసు. పిలుపు కోసం చూడొద్దు. గడపలో రమ్మని అనరు, అనలేదని మనసులో పెట్టుకోవద్దు. అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టొద్దు. ఏడుస్తున్న ఇంటి మీద మన ఆకలిదప్పులు పెట్టకూడదు. లేచేటప్పుడు ‘పోయొస్త’ అనొద్దు. అట్లాంటి పని మీద మళ్ళీ ఆ ఇంటికి రావాలని ఎవరు కోరుకుంటారు? చెప్పకుండా లేచి వచ్చెయ్యాలి. ఇంటికి వచ్చి, గడప దాటకముందే తల మీద నీళ్ళు పోసుకోవాలి.

బోయిగూడ నుంచి బన్సీలాల్‌పేట్‌లోని టీచరు ఇంటికి ఆ పొద్దున ఆమె నడిచే పోయింది. పాటలు పాడుతున్న జనం వెనక గోడకు ఆనుకుని నిలబడింది. పెట్టె లేచినప్పుడు అందరూ సమాధుల తోటకు వెళ్ళారు. తెల్లచీర కట్టుకున్న టీచరు కూడా వెళ్ళింది. విమలమ్మ ఆగిపోయింది. శవం లేచిన ఇంటిని కడగాలి గదా! ఎవరూ చెప్పకుండానే చీపురు, బకెట్టు వెతికి తెచ్చుకుని, కుర్చీలు జరిపి, హాలంతా కడిగి ఆరబెట్టింది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి నాలుగు కావొస్తోంది. దేవసహాయం చెల్లెలు క్యారల్ అందరికీ చాయ్ కాచింది. కాగితం కప్పుల్లో పోసి పంచుతుంటే, టీచరు లేచి, వంటింట్లోంచి ఒక గాజు గ్లాసు తెచ్చి, అందులో చాయ్ పోయించుకుని, గుమ్మం దగ్గర ఉన్న విమలమ్మ దగ్గరికి వచ్చింది.

“తీసుకో విమలా. నాలుగైంది,” అంది.

అంత దుఃఖంలోనూ గుర్తుపెట్టుకున్నదే అని విమలమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టి, తల అడ్డంగా ఊపి, కొంగు నోటికి పెట్టుకుంది. తర్వాత నలుగురూ టీచరు చుట్టూ చేరినప్పుడు, పెరటి దారిన చెప్పకుండా వచ్చేసింది. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

నిజానికి ఆ పద్ధతులు తెలియనిది టీచరుకే. ఆరేళ్ళ కిందట విమలమ్మ భర్త పర్వతాలు పోయినప్పుడు, బ్రెడ్డు ప్యాకెట్లూ బత్తాయిలూ పట్టుకుని ఆవిడ బోయిగూడ సందుల్లో ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నేల మీదే కూర్చుంది. పోయేటప్పుడు విమలమ్మ రెండు చేతులూ పట్టుకుని, “వెళ్ళొస్తాను విమలా. మళ్ళీ వస్తాను,” అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు బిత్తరపోయారు. “చావింట్ల మల్లొస్త అంటదేందీ గామె!” అని బుగ్గలు నొక్కుకున్నారు. అన్నట్టే మూడు వారాలకు మళ్ళీ వచ్చింది టీచరు. విమలమ్మ ఇచ్చిన చాయ్ తాగి, చక్కెర ఎక్కువైందని తిట్టి పోయింది. ఆ తప్పు సంగతి విమలమ్మ ఆమెకు ఈనాటికీ చెప్పలేదు. సిగ్గుపడుతుందేమోనని.

గారూ అన్న మర్నాడు, మంగళవారం, టీచరు “ప్లీజ్” అంది. “కాస్త ఆ కిటికీ వేస్తారా, ప్లీజ్.” బుధవారం ఫెయిత్ వచ్చి, నవ్వుతూ, నెమ్మదిగా చెప్పింది.

“ఆంటీ, ఒకటో తారీఖు నుంచి టీ మిషన్ పెట్టిస్తున్నాం. బటన్ నొక్కితే చాలు. మీకు రెండంతస్తులు పాలు మోసే పని తప్పుతుంది. పొద్దున ఊడ్చేసి మీరు వెళ్ళిపోవచ్చు. జీతం అదే. అమ్మే చెప్పమంది.”

జీతం తగ్గదు, పని తగ్గుతుంది. వేరే ఎవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్ళు. విమలమ్మకు మాత్రం కాళ్ళ కింద మెట్టు జారినట్టయింది. పొద్దున పోతే టీచరు ఉండదు. ఆవిడ వచ్చేది మధ్యాహ్నం. అంటే ఇక నాలుగు గంటల చాయ్ లేదు. ఇన్నేళ్ళ స్నేహం ఒక బటన్ మీద ఆగిపోయింది. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఎంతో మర్యాదగా ఆమెను గుమ్మం బయట నిలబెడుతున్నారు.

కింద మెట్ల దగ్గర వాచ్‌మన్ జంగయ్య బీడీ కాలుస్తున్నాడు.

“ఏందక్కా, మొఖం గట్లున్నది?”

“టీచరమ్మ నన్ను గారూ అంటున్నది జంగయ్యా.”

“అదృష్టమక్కా! నన్ను గీ బిల్డింగుల పాతికేండ్ల సంది ‘ఏయ్’ అనుడు తప్ప ఎవలన్న పేరు వెట్టి పిలిచిన్రా? గారూ అంటే తక్లీఫ్ ఏముంది నీకు?”

“నీకు గట్లనే ఉంటది. మనింట్ల మనిషిని గారూ అంటమా? బయటోళ్ళను అంటం.”

అది జంగయ్య బుర్రకు ఎక్కే విషయం కాదు. జేబులోంచి ఒక కార్డు తీశాడు. “శనివారం సారు పేరు మీద ఆదరణ కూడికంట. పాటలు, ప్రార్థన, తర్వాత భోజనం. చిన్న మేడం అందరికీ పంచింది. బిర్యానీ ఉంటదా అక్కా? చావు బిర్యానీ తినొచ్చునా?”

“నాకేం ఎరుక.”

“నీ కార్డుల రాసి లేదా?”

“నాకియ్యలేదు,” అంది విమలమ్మ.

జంగయ్య బీడీ ఆర్పేసి, కార్డు మెల్లగా జేబులో పెట్టేసుకున్నాడు.

గురువారం క్లాసు అయిపోయాక విమలమ్మ గది తలుపు దగ్గరగా వేసింది. ఫెయిత్ బోర్డు తుడుస్తోంది.

“ఫెయితమ్మా, ఒక్క మాట అడుగుత. క్లాసుల చెప్పే తీరుగ కాకుంట జెర సీదా చెప్పు.”

“అడగండి ఆంటీ.”

“మీ అమ్మ నా మీద ఎందుకు నారాజ్ ఉన్నది?”

“అయ్యో, అలాంటిదేం లేదాంటీ. అమ్మకి మీరంటే చాలా రెస్పెక్ట్.”

“గిదే. గిదే వద్దన్న.”

ఫెయిత్ డస్టర్ కింద పెట్టింది. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడాలని రోజూ పిల్లలకు చెప్పే ఆ అమ్మాయి, కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది.

“ఆ రోజు అమ్మ తన చేత్తో ఇచ్చిన చాయ్ మీరు వద్దన్నారు. చెయ్యి అడ్డం పెట్టారు. చెప్పకుండా వెళ్ళిపోయారు. అప్పుడు క్యారల్ అత్తయ్య అంది, ‘ఇల్లంతా కడిగింది గానీ నీళ్ళు మాత్రం ముట్టలేదు చూడు’ అని. మర్నాడు అమ్మ నన్ను కూర్చోబెట్టుకుని అడిగింది. ‘విమల మన చేతిది ఎప్పుడైనా తిన్నదా ఫెయిత్?’ అని. నేనూ ఆలోచించాను. ఇక్కడ తాగేది మీరు కాచుకున్న చాయే. క్రిస్మస్ కేకు ఇస్తే కొంగున కట్టుకుని పోతారు. ఇంటికి తాళాలివ్వడానికి వస్తే గేటు దాటరు.”

విమలమ్మ బల్ల మీది కప్పులు దగ్గరికి జరిపింది.

“తాతయ్య వాళ్ళ ఊళ్ళో, కృష్ణకు అటువైపు, టీ కొట్టు చూరుకి మా వాళ్ళ కోసం వేరే గ్లాసులు వేలాడేవట. తాతయ్య తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే తగిలించి రావాలి. అమ్మ చిన్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని నిలబడి చూసింది. ఆ సంగతి నాకు మొన్నటిదాకా చెప్పలేదు. మీకు కార్డు వద్దన్నదీ అమ్మే. కోపంతో కాదాంటీ. ‘పిలిస్తే రావాలి, వస్తే తినాలి. ఆమెనెందుకు ఇరకాటంలో పెట్టడం’ అంది.”

చావింట్లో ఎవరన్నా చాయ్ తాగుతారా తల్లీ, అన్న మాట విమలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో తేలిపోయేదే. కానీ దాని వెనకే ఇంకో సంగతి గుర్తొచ్చి ఆగింది. కప్పులన్నీ పళ్ళెంలో పెట్టుకుని బయటికి నడిచింది.

ఆ సంగతి ఇదీ. పదకొండేళ్ళ కిందట పనిలో చేరిన కొత్తలో ఇద్దరి గ్లాసులూ ఒకే రకంవి, గీతలున్న గాజు గ్లాసులు. ఏది ఎవరిదో తెలిసేది కాదు. విమలమ్మ తను తాగబోయే ముందు గ్లాసును బాల్కనీలో పంపు కింద రెండోసారి కడుక్కునేది. అత్తగారి ఇంట్లో గోడ గూట్లో వేరే పెట్టిన ఒక గ్లాసు ఉండేది, బయటి వాళ్ళకు. ఎందుకని ఆమె ఎప్పుడూ అడగలేదు. అడగకుండా నేర్చుకున్నది చేతిలో ఉండిపోతుంది. ఒక వారం అట్లాగే కడిగింది. తర్వాత ఒక రోజు టీచరు “నువ్వు కూర్చుంటేనే నేను తాగుతాను,” అని స్టూలు జరిపింది. ఆ పూట కడగాలనిపించలేదు. ఆ తర్వాత మరెప్పుడూ కడగలేదు. ఆ వారాన్ని ఎవరూ చూడలేదని, దేవుడు కూడా మరిచిపోయి ఉంటాడని అనుకుంది.

ఇప్పుడు టీచరు దగ్గరికి పోయి, “నీకు మా పద్ధతి తెల్వదు, నువ్వే తప్పుగా అనుకున్నవు,” అనాలంటే అనొచ్చు. అది నిజమే. కానీ సగం నిజం.

శనివారం సాయంత్రం ఆమె ఇస్త్రీ చీర కట్టుకుంటుంటే కోడలు అనుపమ అడిగింది, “ఏడికత్తమ్మా?”

“టీచరమ్మ ఇంటికి.”

“కార్డియ్యలేదంటివి గద. పిలవని పేరంటానికి పోతవా?”

“పేరంటం కాదు, చావిల్లు. చావింటికి పిలుపేంది?”

“మరి చావిల్లయితె నీళ్ళు ముట్టొద్దు. ఆడ భోజనాలు వెడ్తరు. ఇయ్యాల పదో దినం. రేపటితోని పదకొండు. జెర ఒక్క దినం ఆగి పోరాదు? రేపు చాయ్ తాగు, బువ్వ తిను, ఎవలొద్దన్నరు?”

కోడలు చెప్పింది సబబుగానే ఉంది. విమలమ్మ చెంగు సర్దుకుంటూ ఒక్క నిమిషం ఆగింది. రేపు తాగితే తన పద్ధతీ చెడదు, టీచరు కోపమూ పోవచ్చు. ఇద్దరికీ నష్టం లేని బేరం. కానీ ఆ శుక్రవారం టీచరు తన ఏడుపు మధ్యలో లేచి, గ్లాసు వెతికి తెచ్చింది. ఆవిడ రేపటిదాకా ఆగలేదు.

“బకెట్ల నీళ్ళు పెట్టి ఉంచు,” అని చెప్పి గడప దిగింది.

ఇంటి ముందు షామియానా వేశారు. విమలమ్మ వెనక వరసలో కూర్చుంది. పక్కనే కొత్త చొక్కా వేసుకుని జంగయ్య. పాస్టరుగారు మాట్లాడుతున్నంతసేపూ అతను వంట గిన్నెల వైపే చూశాడు. “అక్కా, వాసన చూస్తె మటన్ అనిపిస్తున్నది,” అన్నాడు చెవిలో. ఆమె మోచేత్తో పొడిచింది.

ప్రార్థన అయ్యాక జనం పళ్ళేల వైపు కదిలారు. విమలమ్మ లేచి, గేటు దాటి, వరండా దాటి, తను కడిగిన హాల్లోకి వెళ్ళింది. పదకొండేళ్ళలో ఆ హాల్లో అడుగు పెట్టింది ఆ శుక్రవారం ఒక్కసారే, అదీ చీపురుతో. దేవసహాయం ఫోటో కింద కుర్చీలో టీచరు ఒక్కతే కూర్చుని ఉంది. ఎదురుగా బల్ల మీద స్టీలు కూజా, కాగితం కప్పులు.

టీచరు ఆమెను చూసి సర్దుకుని కూర్చుంది.

“వచ్చారా? సంతోషమండీ. బయట భోజనాలు... అంటే, మీ వీలు. బలవంతం ఏం లేదు.”

“నాకు చాయ్ గావాలె,” అంది విమలమ్మ.

“క్యారల్!” అని కేకేసింది టీచరు. వంటింట్లోంచి ఆడబిడ్డ తొంగిచూసింది. “విమలమ్మగారికి చాయ్...”

“క్యారలమ్మ వద్దు. నువ్వు వొయ్యి. గాజు గ్లాసుల వొయ్యి, గా దినం తెచ్చినవే, దాంట్ల.”

“ఆ రోజు తాగలేదుగా.”

“తాగలే.”

“మీ ఇంట్లో నేను తాగాను విమలా.” గారూ జారిపోయిన సంగతి టీచరుకు తెలియలేదు. “నేల మీద కూర్చుని తాగాను. నువ్వు మా ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగలేదు. మా ఆయన పోయిన రోజు కూడా తాగలేదు. నాకు వేరే ఎవరిచ్చినా అక్కర్లేదనిపించింది ఆవేళ. నీతో తాగుదామని వచ్చాను.”

విమలమ్మ కింద కూర్చోబోయి, మానుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మా దాంట్ల శవం లేచిన ఇంట్ల పది దినాలు నీళ్ళు సుత ముట్టం టీచరమ్మా. సొంత అన్న ఇల్లయినా ముట్టం. పోయేటప్పుడు పోయొస్త అని చెప్పం. మా పర్వతాలు పోయినంక నా ఇంట్ల సుత ఎవలు తాగలే, ఎవలు చెప్పి పోలే. నువ్వు చూసినవు గద, మర్చినవా?”

టీచరు కళ్ళు చిట్లించింది. జ్ఞాపకం చేసుకుంటోంది. “బ్రెడ్డు ఎవరూ ముట్టలేదు,” అంది నెమ్మదిగా. “నేను తెచ్చిందని ముట్టలేదనుకున్నాను.”

“అయ్యో!”

“మరి కేకు?”

“మనుమరాలికి పాణం అది. నేను తింటె దానికేం మిగులుతది? నువ్విచ్చేది ఒక్క ముక్క. పిసినారి ముక్క.”

టీచరు పెదవి చివర ఏదో కదిలింది. అక్కడితో ఆపితే సరిపోయేది. విమలమ్మ ఆపలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తూ చెప్పింది.

“ఇంగొకటున్నది. నేను కొత్తగ వచ్చినప్పుడు, నీ గ్లాసు నా గ్లాసు కలిసిపోతె, నేను తాగే ముందట రెండోసారి కడిగిన. ఒక వారం. మా అత్త నేర్పిన బుద్ధి. నువ్వనుకున్నది ఉత్తదే అందామని వచ్చిన గని, అప్పుడు ఉత్తది గాదు.”

బయట పళ్ళేల చప్పుడు, ఎవరో పెరుగు అడుగుతున్నారు.

“నాకు తెలుసే,” అంది టీచరు.

విమలమ్మ తలెత్తింది.

“బాల్కనీ పంపు చప్పుడు లోపలికి వినబడదనుకున్నావా? ఆ వారమంతా విన్నాను. ఎనిమిదో రోజు పంపు తిప్పలేదు నువ్వు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఈయనతో చెప్పాను, ‘ఈ మనిషి మనతో ఉంటుందండీ’ అని.” ఫోటో వైపు చూసింది. “మొన్న నువ్వు చెయ్యి అడ్డం పెట్టేసరికి... మళ్ళీ ఆ పంపు చప్పుడే వినబడిందే నాకు. ఆయనా లేడు. చెప్పుకోవడానికి మనిషి లేడు.”

టీచరు లేచింది. వంటింట్లోకి పోయి, గీతల గాజు గ్లాసులు రెండు తెచ్చింది. కూజా వంచి రెండింట్లోనూ పోసింది. కొంచెం బల్ల మీద ఒలికింది.

“ఇవాళ పదో రోజే,” అంది, గ్లాసు అందివ్వకుండా పట్టుకుని. “రేపు రాకపోయావా? మీ వాళ్ళేమైనా అంటారేమో.”

“అంటరు. మా కోడలు షురూ చేసింది ఇంట్లనే. ఇయ్యి ఇటు, చల్లారిపోతది.”

గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగింది. పెద్దగా చప్పుడు చేస్తూ తాగింది. ముఖం చిట్లించింది.

“థూ! గిదేం చాయ్ టీచరమ్మా? చక్కెర నీళ్ళ రంగు గలిపిన్రా? అల్లం లేదు, పాడు లేదు. సారు గిది తాగే పోయిండు.”

వంటింటి గుమ్మంలో క్యారల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీచరు మొదట నవ్విందో, మొదట ఏడ్చిందో చెప్పడం కష్టం. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పది రోజులుగా వచ్చేవాళ్ళందరూ ఎంతో చక్కటి మాటలు చెప్పి వెళ్ళారు. ఒక్కరూ ఆయన మీద వేళాకోళం ఆడలేదు.

ఫెయిత్ లోపలికి వచ్చి, ఇద్దరినీ చూసి, గుమ్మంలోనే ఆగింది. విమలమ్మ చేతిలో ఖాళీ గ్లాసు చూసింది.

“ఆంటీ, భోజనం...”

“తింట. మీ జంగయ్య మొత్తం ఊడ్వకముందే తింట.”

తిన్నది కూడా. టీచరు పక్కనే కూర్చుని, ఆవిడ పళ్ళెంలోకి ముక్కలు తోస్తూ తిన్నది. పది రోజుల్లో అమ్మ కడుపునిండా తినడం ఇదే అని ఫెయిత్ అత్తయ్యతో అంటుంటే వినబడింది.

వీధి దీపాలు వెలిగే వేళకు విమలమ్మ లేచింది. చెప్పులు వేసుకుంది. గేటు దాకా వచ్చి వెనక్కి చూసింది. టీచరు వరండాలో నిలబడి ఉంది. ఇప్పుడు తెలుసు గనక, పద్ధతి తప్పకూడదని నోరు బిగబట్టుకుని నిలబడింది.

పర్వతాలు పోయిన ఇంట్లోంచి అందరూ పద్ధతిగా, మాట్లాడకుండా లేచి వెళ్ళిన ఆ పూట విమలమ్మకు గుర్తొచ్చింది. ఒక్కొక్కరే వెళ్ళిపోగా ఇల్లు పెద్దదైపోయింది. అంత ఇంట్లో టీచరు అన్న ఒక్క తప్పు మాట మాత్రం మిగిలింది. మూడు వారాలు ఆమె దాన్నే పట్టుకుని కూర్చుంది.

“పోయొస్త టీచరమ్మా,” అంది విమలమ్మ, నలుగురికీ వినబడేట్టు. “మల్ల వస్త.”

గేటు పక్కన నిలబడిన జంగయ్య ఉలిక్కిపడ్డాడు. “అక్కా! చావింట్ల గట్లనొద్దు!”

“నువ్వూకో.”

టీచరు వరండా మెట్లు దిగింది. “సోమవారం రావే,” అంది. “నాలుగింటికి. ఆ మిషను పిల్లలు నొక్కుకుంటారులే. అల్లం నేను కొనుక్కొస్తాను, నువ్వు తెచ్చేది అంతా నార. ఒక్క నిమిషం ఆలస్యమైందంటే చూడు.”

“వస్త, వస్త. నీ గడియారం అయిదు నిమిషాలు ముందుకున్నది. ముందు దాన్ని సక్కగ వెట్టు,” అంది విమలమ్మ, సందు మలుపు తిరుగుతూ.